ఆకాశయానంలో అక్షరం

విమానం ఎక్కినవారికి ఒకప్పుడు ఇంటితో సంబంధం తెగిపోయేది. ధనికుడైనా, కూలివాడైనా, దిగేంతవరకు కబురు తెలియక కూర్చోవలసినదే. ఆ నిశ్శబ్దంలో ఒక విధమైన సమానత్వం ఉండేది. నేడు ఆ నిశ్శబ్దాన్ని తొలగించే అంతర్జాల సౌకర్యం వెలకు లభిస్తున్నది. దానితోపాటే, ఎవరికి లభిస్తున్నది అనే ప్రశ్న కూడా విమానమెక్కినది.

ఈ సౌకర్యపు చరిత్ర పెద్దది కాదు. 2004 మే నెలలో మ్యూనిచ్ నుండి లాస్ ఏంజెలెస్ వెళ్లిన లుఫ్తాన్సా విమానంలో బోయింగ్ వారి ఇంటర్నెట్ సేవ ఆరంభమైనది. తగినంతమంది కొనేవారు లేక 2006 చివర మూతపడినది. మన దేశపు గగనతలంలో ఇట్టి సేవకు వీలు కల్పించిన నిబంధనలు 2018 డిసెంబరులో వెలువడినవి. విమానం 3,000 మీటర్ల ఎత్తుకు చేరిన పిమ్మటనే దానిని వాడవలెను.

చాలా విమానాలలో సందేశం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి చేరి, అక్కడి నుండి నేలకు దిగుతుంది. ఆ దారి ఇరుకైనది; ప్రయాణికులందరూ దానినే పంచుకోవలెను. వ్రాసిన మాట కంటె పలికిన మాట ఆ దారిలో ఎన్నో రెట్లు బరువు. అందుచేతనే కొన్ని సంస్థలు అక్షర సందేశాలను ఉచితంగానో చౌకగానో పోనిచ్చి, తక్కినవాటికి ఎక్కువ వెల కడతాయి.

ఈ భేదం ఎంతటిదో మేము గల్ఫ్ నుండి శంషాబాదుకు వస్తూ చూచినాము. మా ప్రక్కన జగిత్యాల ప్రాంతపు సోదరుడొకరు కూర్చున్నారు. ఆయన తండ్రికి ఆనాడే శస్త్రచికిత్స. ఇంటినుండి సందేశం వచ్చినది గాని, అది గొంతుతో పంపినది. ఫోను మీద గుర్తు తిరుగుతున్నదే తప్ప మాట వినిపించడం లేదు.

“సార్, బిడ్డ మాట పంపింది. తెరుచుకుంటలేదు. జర చూడుండ్రి” అన్నారాయన.

ఎక్కువ వెల గల సౌకర్యాన్ని మేము కొనిస్తామన్నాము. ఆయన ఒప్పుకోలేదు. “పైసలెందుకు సార్? నాకు సదువు రాదు గని, నా బిడ్డకొస్తది. మీరు రాయుండ్రి” అన్నారు.

మేము వ్రాసినాము. కొంతసేపటికి తొమ్మిదవ తరగతి చదివే ఆ అమ్మాయి తెలుగులో బదులిచ్చినది: తాత కళ్లు తెరిచిండు, నీ గురించి అడిగిండు. మేము చదివి వినిపించగా ఆయన చాలాసేపు కిటికీ వైపు చూచి, “మళ్లొక్కసారి సదువుండ్రి” అన్నారు. మళ్లీ చదివినాము.

1980వ దశకంలో గల్ఫుకు పోయినవారు, ఇంటివారికి చదువు రానందున, తమ మాటలను క్యాసెట్లలో నింపి పంపేవారని మా పెద్దలు చెప్పగా విన్నాము. నేడు సెల్‌ఫోను ఆ కొరత తీర్చినది. అక్షరం రాకున్నా గొంతు సముద్రం దాటుతున్నది. కాని విమానమెక్కగానే పాత కొరత మళ్లీ ఎదురైనది. అక్కడ చౌకగా పోయేది అక్షరమొక్కటే.

ఈ స్థితి మారుతున్నది. అమెరికాలో డెల్టా సంస్థ 2023లో తన దేశీయ విమానాలలో అంతర్జాలాన్ని ఉచితంగా ఇవ్వనారంభించినది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు వచ్చి దారి విశాలమైనది. పలికిన మాట కూడా అందరికీ ఉచితంగా అందే రోజు రావలెనని మేము కోరుతాము.

విద్యార్థి మిత్రులారా! ఆ ప్రయాణంలో సోదరునకు కబురు ఉచితంగా అందినదని అనుకొనరాదు. దాని వెల ఆయన ముందే చెల్లించినారు. ఎండలో పనిచేసి, ఇంటికి పంపిన సొమ్ములో బిడ్డ బడి జీతం ఉన్నది. మీలో చాలామంది ఇండ్లలో ఆ వెల నేటికీ ఎవరో చెల్లిస్తూనే ఉన్నారు.