పేట బస్సు దారిలో...

చీమకుర్తి రాయి అసలు అందం చూడాలంటే దానిమీద నాలుగు చుక్కల నీళ్లు చల్లాలి. పొడిగా ఉన్నంతసేపూ అది మామూలు నల్లబండే. తడి తగిలిందా, లోపలి బంగారు రంగు పొడలు ఒక్కసారిగా తళుక్కుమంటాయి. చీకటి రాత్రి ఆకాశంలో చుక్కల్లా ఉంటాయి కాబట్టే దీనికి గెలాక్సీ అని పేరొచ్చింది. ఆర్‌.ఎల్‌.పురం వైపు క్వారీల అంచున నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోయిన లోయ అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి. పక్కనే రామతీర్థం. అక్కడ మోక్ష రామేశ్వరుడి గుడి, దాని దగ్గర్లో సాగర్‌ కుడికాలువ నీళ్లు నింపుకునే జలాశయం. తవ్వినచోట బండ, తవ్వనిచోట పైరు... ఇదీ ఈ ఊరి తీరు.

చీమకుర్తికి లారీయే ప్రాణం. బండ ఎంత విలువైనదైనా లారీ ఎక్కితేనే డబ్బు. కర్నూలు రోడ్డు మీదుగా ఒంగోలు చేరి జాతీయ రహదారి ఎక్కాక చాలా లారీలు దక్షిణానికి, రేవుల వైపు తిరుగుతాయి. మనం ఉత్తరానికి తిరుగుదాం. సుమారు 70 కిలోమీటర్లు వెళితే చిలకలూరిపేట వస్తుంది. ఉరితాడు మన రాష్ట్రంలో మళ్లీ బిగుసుకోబోయి ఆఖరి ఘడియల్లో ఆగిన కథ ఆ ఊరి పొలిమేరల్లోనే మొదలైంది.

ఈ రహదారికి ఉరిశిక్షలు కొత్త కాదు. 2008లో ఒంగోలు పరిసరాల్లో ఒక ముఠా అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి సరుకు అమ్ముకుంది. వాటిలో ఎక్కువ ఇనుప సరుకు లారీలే. ఆ కేసుల్లో 2021 మే నెలలో ఒంగోలు కోర్టు ఒకేసారి 12 మందికి ఉరిశిక్ష వేసింది. కింది కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయపరిస్తే తప్ప అమలు చేయడానికి లేదు. ఆ తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన గవర్నరు, రాష్ట్రపతి. తీర్పు చెప్పిన రోజు పేపర్లో మొదటి పేజీ వార్త అవుతుంది కానీ, ఉరికంబం దాకా నడవాల్సిన దూరం చాలా ఉంటుంది. ఆ దూరమంతా నడిచి, చివరి మెట్టు దగ్గర ఆగిన కేసు పేట బస్సు కేసు.

మద్దిపాడు దాటాక గుండ్లకమ్మ. తర్వాత మేదరమెట్ల, మార్టూరు. మార్చి నెలలో ఈ దారిన వెళ్లేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, కారు అద్దం దించితే చాలు. కళ్లాల్లో ఎండుతున్న మిరప ఘాటు ముక్కుకి తగులుతుంది. లోపలి పల్లెల్లోకి వెళితే ఎర్ర తివాచీలు పరిచినట్టుంటుంది. పేట దగ్గర పడేసరికి పత్తి మిల్లులు, స్పిన్నింగ్‌ మిల్లులు కనిపిస్తాయి. ఊరి పూర్తి పేరు చిలకలూరిపేట. చుట్టుపక్కల వాళ్లకి మాత్రం ఉత్త ‘పేట’. అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి పల్నాడు జిల్లా అయింది. నరసరావుపేట నుంచి ఇక్కడికి వచ్చే రోడ్డులో ఒక పక్కన కోటప్పకొండ మన వెంటే నడుస్తున్నట్టుంటుంది. శివరాత్రికి ప్రభలు కదిలే కొండ అది.

1993 మార్చి 8, సోమవారం. ఫాల్గుణ పౌర్ణమి. శివరాత్రి తిరునాళ్ల సందడి ముగిసి రెండు వారాలు దాటింది. హైదరాబాద్‌ నుంచి రాత్రి బయల్దేరిన ఆర్టీసీ బస్సు పేట వైపు వస్తోంది. రాత్రి బస్సు సంగతి మీకు తెలిసిందే. తెల్లవారుజాము అయ్యేసరికి నిద్రపట్టనివాళ్లు కూడా కునుకు తీస్తారు. దిగాల్సిన ఊరు వస్తోందని తెలిసినా ఇంకో పది నిమిషాలు అనుకుంటూ తల వాల్చేస్తారు. ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర సంచులు. ఆ సమయంలో ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి బస్సుకి నిప్పంటించారు. వాళ్ల ఉద్దేశం దోపిడీ. 23 మంది కాలిపోయారు. అందులో ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు. బయటపడ్డవాళ్లలో చాలామందికి ఒళ్లంతా గాయాలు.

నాలుగు రోజులు గడిచాయో లేదో, శుక్రవారం 12వ తేదీన బొంబాయిలో వరుస పేలుళ్లు జరిగాయి. 257 మంది చనిపోయారు. దేశం చూపంతా అటు తిరిగింది. పేట మాత్రం తన బూడిద దగ్గరే ఉండిపోయింది.

నిందితులు సాతులూరి చలపతిరావు, గంటెల విజయవర్ధనరావు. ఇద్దరూ పేద దళిత కుటుంబాల యువకులు. 1995లో గుంటూరు సెషన్స్‌ కోర్టు ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయం చేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. దోచుకోవాలనే తప్ప చంపాలని రాలేదన్న వాదన నిలబడలేదు. నిద్రపోతున్న జనం మధ్య పెట్రోలు చల్లేవాడికి ఏం జరుగుతుందో తెలియదంటే నమ్మడం ఎవరికైనా కష్టమే.

లా చదివే పిల్లలకి ఈ తీర్పు ఇంకో కారణంగా పరిచయం. కాలిన గాయాలతో ఆసుపత్రిలో ఉన్నవాళ్ల దగ్గర మేజిస్ట్రేటు మరణ వాంగ్మూలాలు తీసుకున్నారు. బతకరనే అనుకున్నారు. కానీ కొందరు బతికారు! బతికినవాళ్ల మాటని మరణ వాంగ్మూలం అనొచ్చా? అనకూడదంది సుప్రీంకోర్టు. మనిషి బతికి కోర్టుకొచ్చి సాక్ష్యం చెబితే, ముందు చెప్పిన మాట ఆ సాక్ష్యానికి బలం ఇవ్వడానికి పనికొస్తుందని తేల్చింది. పాఠ్యపుస్తకంలో అది నాలుగు లైన్ల సూత్రం. పేటలో మాత్రం చావు అంచుకి వెళ్లి, తిరిగొచ్చి, బోనెక్కి ఆ రాత్రిని మళ్లీ చెప్పిన మనుషులు. ఆ బోను ఎక్కడానికి ఎంత గుండె కావాలో!

రాష్ట్రపతి శంకర్‌దయాళ్‌ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు. 1997 మార్చి చివర్లో రాజమండ్రి సెంట్రల్‌ జైల్లో ఉరికి ఏర్పాట్లు జరిగాయి. అప్పుడు మొదలైంది అసలు గొడవ. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు రోడ్డెక్కారు. బెంగాల్‌ రచయిత్రి మహాశ్వేతాదేవి రాష్ట్రపతికి మళ్లీ విన్నపం పంపారు. గడువు ముంచుకొచ్చాక సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడాది జూలైలో కె.ఆర్‌.నారాయణన్‌ రాష్ట్రపతి అయ్యారు. ఆయన హయాంలోనే ఇద్దరి ఉరిశిక్షా యావజ్జీవ ఖైదుగా మారింది. ఒక రాష్ట్రపతి కాదన్నదాన్ని తర్వాతి రాష్ట్రపతి మార్చడం మన దేశంలో అరుదు.

ఉరి వద్దన్నవాళ్ల వాదన ఈ ప్రాంతం మట్టిలోంచే పుట్టింది. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మందిని. పేట నుంచి రెండూ మరీ దూరమేమీ కావు. బస్సు కేసు నాలుగేళ్లలో ఉరి ముంగిటికి వచ్చేసరికి, ఆ రెండు కేసులూ ఇంకా నానుతూనే ఉన్నాయి. కారంచేడులో సుప్రీంకోర్టు చివరి మాట 2008లో వచ్చింది. చుండూరులో 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పేదవాడికి చట్టం ఎక్స్‌ప్రెస్‌, ఉన్నవాడికి ప్యాసింజరా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ బస్సులో కాలిపోయినవాళ్లు కారంచేడు పెత్తందార్లు కారు. టికెట్‌ కొనుక్కుని ఇంటికెళుతున్న మామూలు జనం. వాదోపవాదాల్లో దోషుల పేర్లు రాష్ట్రమంతా తెలిశాయి. చనిపోయిన 23 మందీ ఒక అంకెగా మిగిలారు. సుప్రీంకోర్టు తీర్పు పేరు కూడా ‘గంటెల విజయవర్ధనరావు వర్సెస్‌ ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం’. అప్పీలు ఎవరిదైతే పేరు వాళ్లదే, చట్టం పద్ధతి అంతే. ఉరి ఆగడం మంచిదే అనుకునే నాలాంటివాడికి కూడా ఇక్కడ మాట తడబడుతుంది. ఆ ఇద్దరి ప్రాణం కోసం జరిగినన్ని సభల్లో సగమైనా ఆ కుటుంబాల కోసం జరగాల్సింది.

అదే వారం జరిగిన బొంబాయి కేసు గుర్తుందిగా? అందులో యాకూబ్‌ మెమన్‌ని 2015 జూలై 30న నాగపూర్‌ జైల్లో ఉరితీశారు. నాలుగు రోజుల తేడాతో జరిగిన రెండు నేరాలు. ఒకచోట 22 ఏళ్ల తర్వాత తాడు బిగిసింది, ఇంకోచోట తాడు జారిపోయింది. 1980లో సుప్రీంకోర్టు ‘అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి’ అంది. ఏది అరుదో తేల్చే తక్కెడ మాత్రం అన్నిచోట్లా ఒకేలా తూగదు.

పేట నుంచి రాజమండ్రికి గుంటూరు, విజయవాడ మీదుగా పోవాలి. కళ్లాలు, మిరప ఘాటు వెనకబడి వరిచేలు, కొబ్బరిచెట్లు వస్తాయి. గోదావరి వంతెన మీద అలవాటు ప్రకారం అందరూ కిటికీ వైపు తిరుగుతారు. సెంట్రల్‌ జైలు చూడబోయే యాత్రికులు ఎవరూ ఉండరనుకోండి. డచ్చివాళ్లు 1602లో కట్టిన కోట ఇదని చెబుతారు. ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక 1864లో జైలైంది, 1870లో సెంట్రల్‌ జైలైంది. విస్తీర్ణం 196 ఎకరాలు. బయటి గేటు ఈమధ్య రాజకీయ వార్తల పుణ్యమా అని టీవీ చూసేవాళ్లందరికీ పరిచయమే. ఉరికంబం మాత్రం లోపల, ఎవరికీ కనిపించని మూల.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్‌ 1న, ఆదిలాబాద్‌ రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాద్‌ ముషీరాబాద్‌ జైల్లో ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. దాని స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. ఆ మరుసటి ఏడాది, 1976లో, రాజమండ్రిలో ఇంకొకరిని ఉరితీశారు. ఉమ్మడి రాష్ట్రంలో అదే ఆఖరు. ఆ తర్వాత కోర్టులు ఎన్నో ఉరిశిక్షలు వేశాయి. 2014లో రాష్ట్రం రెండైంది. తమిళనాడులో 1995లో సేలం జైలు, బెంగాల్లో 2004లో కోల్‌కతా జైలు, ఢిల్లీలో 2020లో తీహార్‌ జైలు ఉరితీతలు చూశాయి. రాజమండ్రి ఉరికంబం ఎదురుచూసింది 1997 మార్చిలో, పేట బస్సు కోసం.