మాది కాని బొమ్మ

మా ఇంటి హాల్లో ఎడమ పక్క గోడకి ఒక బొమ్మ వేలాడుతూ ఉంటుంది. చుట్టాలు ఎవరు వచ్చినా దాని ముందు ఒక నిమిషం నిలబడి "ఇదేమి కత?" అని అడుగుతారు. పదేండ్ల దాకా మాకూ తెలియలేదు. కత ఇప్పటికీ పూర్తిగా తెలియదు గానీ, ఆ బొమ్మ కత మాత్రం తెలిసింది. మన పిల్లలకి కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాం.

మేము అంటే ఆలుమగలం ఇద్దరం. ఒకరం చింతామణిలో పుట్టి, ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం అని పెరిగినవాళ్ళం. కన్నడ అక్షరాలు వస్తే తెలుగు సగం వచ్చినట్టే అంటారు. ఆ మిగతా సగం పెండ్లయినాకే నేర్చుకున్నాం, అందుకే ఇందులో తప్పులుంటే ఓర్చుకోండి. ఇంకొకరం ఇక్కడ వ్యాసర్పాడిలోనే పుట్టి తమిళ మీడియంలో చదివినవాళ్ళం. చింతామణిలో చదివిన చందమామ కన్నడంలో ఉండేది, వ్యాసర్పాడిలో చదివిన అంబులిమామ తమిళంలో ఉండేది. పెండ్లయిన కొత్తలో ఆ పాత పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొచ్చింది. అక్షరాలు వేరు, బొమ్మ ఒకటే. అదే విక్రమార్కుడు, భుజం మీద అదే శవం. ఆ బొమ్మ గీసిన శంకర్ గారు 1952లో చందమామలో చేరి దాదాపు అరవై ఏండ్లు అక్కడే గీశారు. 2020లో పోయారు, 2021లో పద్మశ్రీ ఇచ్చారు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య లాంటి వాళ్ళ చేతుల మీదుగానే మాలాంటి ఇండ్లకి బొమ్మలు ముందు వచ్చాయి, భాష తర్వాత వచ్చింది.

పెండ్లయిన ఏడాది, 2014లో, భోగికి ఇల్లు దులుపుతుంటే మామగారి ఇనప పెట్టె అడుగున, పాత బిన్నీ మిల్లు దుప్పటి మడతలో ఈ పేజీ దొరికింది. దుప్పటి తాతగారిది. నెల్లూరు వైపు నుంచి వచ్చి మిల్లులో పనిచేసిన మనిషి. పేజీ మామగారిది.

మందమైన తెల్ల అట్ట మీద నల్ల సిరాతో గీసిన బొమ్మల కత అది. మూడు గళ్ళు ఉన్నాయి. పైగడిలో ఆకాశం కనబడనంత ఎత్తు మేడలు, నడుమ గొట్టాల్లో పోయే బండ్లు. రెండో గడిలో వరసగా నిలబడిన జనం, ప్రతివాళ్ళ మెడ వెనకా ఒక అంకె. కింది గడిలో ఒక గాజు గోడ. ఇటు ఒక ఆడమనిషి, అటు ఒక మగమనిషి, ఇద్దరి అరచేతులూ గాజుకి ఆనించి ఉన్నాయి. మాటలు రాయాల్సిన చోట్లు ఖాళీ. మూలన సంతకం ఉండాల్సిన చోట ఒక చిన్న చేప.

"ఇదేంది మామా?" అంటే, "బ్లాకు షాపులో పని చేసేటప్పుటిది లేమ్మా, చెత్తలో పోతా ఉంటే తెచ్చుకున్నా," అన్నాడు. అంతే.

మామగారు 1971 నుంచి 1981 దాకా మౌంట్ రోడ్డు వెనకాల ఒక బ్లాకు షాపులో పనిచేశాడు. ఆ పని ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్తాం. ఆర్టిస్టు అచ్చులో వచ్చే సైజు కన్నా పెద్దగా గీస్తాడు. దాన్ని పెద్ద కెమెరా ముందు బిగించి, కావలసినంతకి తగ్గించి ఫోటో తీస్తారు. ఆ నెగటివును మందు పూసిన జింకు రేకు మీద పెట్టి వెలుతురు పట్టిస్తారు. గీతలున్న చోట మందు గట్టిపడుతుంది, లేని చోటుని నత్రికామ్లం తినేస్తుంది. గీతలు ఎత్తుగా నిలుస్తాయి. ఆ రేకును చెక్కకి కొట్టి ప్రెస్సుకి పంపిస్తారు. బ్లాకు అయిపోయినాక అసలు బొమ్మతో ఎవరికీ పని లేదు. అడిగినవాళ్ళకి తిరిగిచ్చేవారు, అడగకపోతే మూలన కుప్ప. మా ఆయన ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు ఆ కుప్పలో కాగితాలతోనే వేశారట. ఎన్ని మంచి బొమ్మలు అట్లా చిరిగిపోయాయో!

ఇది మన దగ్గరే జరిగిన సంగతి కాదు. అమెరికాలో జాక్ కిర్బీ అంతటివాడు తను గీసిన పేజీలు తనకివ్వమని మార్వెల్ కంపెనీతో ఏండ్ల తరబడి కొట్లాడితే, 1987లో తిరిగొచ్చింది సుమారు 2,000 పేజీలు. ఆయన గీసినవాటిలో అది చిన్న భాగమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆఫీసులో ఒక స్నేహితుడు ఎన్‌కీ బిలాల్ గీసిన నికోపోల్ పుస్తకాలు చదవమని ఇచ్చాడు. ఆయన బెల్‌గ్రేడులో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డవాడు, మనలాగే పుట్టిన భాష ఒకటి, బతికే భాష ఒకటి. మొదటి పుస్తకం 1980లో వచ్చింది. కత జరిగేది 2023 పారిస్‌లో. నియంత రాజ్యం, మురికి వీధులు, ఊరి మీద గాల్లో ఆగిపోయిన ఈజిప్టు దేవతల పిరమిడ్డు. దేవుళ్ళకి ఇంధనం అయిపోయింది! ముప్పై ఏండ్లు మంచులో గడ్డకట్టించిన శిక్ష అనుభవించి నేలకి దిగిన నికోపోల్, అతని ఒంట్లో దూరే హోరస్ దేవుడు, రెండో పుస్తకంలో నీలం జుట్టు జిల్. పాడైపోయిన లోకంలో ప్రేమ కత. చదివి మూసేసరికి మా ఇద్దరికీ మామగారి పెట్టెలోని గాజు గోడే కనబడింది.

అట్లా మొదలైంది మా పిచ్చి. అసలు బొమ్మలు కొనాలని ఆశ. బిలాల్ బొమ్మ ఒకటి 2007లో పారిస్ వేలంలో 1,77,000 యూరోలకి పోయిందని తెలిసి నోరు మూసుకున్నాం. 2021లో టిన్‌టిన్ బొమ్మ ఒకటి, బ్లూ లోటస్ అట్ట కోసం గీసింది, ముప్పై లక్షల యూరోలు దాటింది. మనకి మన వీధే మేలు. సెంట్రల్ పక్కన, మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినాక పాత పుస్తకాల వాళ్ళు వచ్చి చేరిన చోట, నెలకొక ఆదివారం తిరిగాం. వారపత్రికలకి గీసిన చిన్నచిన్న బొమ్మలు ఏడు దొరికాయి. ఒకటి ఐదు వందలు, ఒకటి రెండు వేలు.

మోసపోయాం కూడా. ఒక వ్యాపారి అసలుదని ఎనిమిది వేలకి అమ్మింది ఇంటికి తెచ్చి భూతద్దంలో చూస్తే అన్నీ చుక్కలే. అచ్చు కాగితం! టెస్టింగు ఉద్యోగం చేసేవాళ్ళం, కొనేముందు చూడాల్సింది కొన్నాక చూశాం. అప్పట్నుంచి ఒక చెక్‌లిస్టు పెట్టుకున్నాం. సిరా గీత ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉందా? కింద పెన్సిలు జాడ ఉందా? తప్పు దిద్దిన తెల్ల రంగు చేతికి తగులుతుందా? వెనక సైజు తగ్గించే కొలతలు రాసి ఉన్నాయా? అసలు బొమ్మలో మాకు అన్నిటికన్నా ఇష్టం ఆ తెల్ల రంగే. అచ్చులో కనబడదు. ఆర్టిస్టు ఎక్కడ తడబడ్డాడో, ఎట్లా సరిచేసుకున్నాడో అక్కడ ఉంటుంది. మామగారి పేజీలో గాజు మీది ఆడమనిషి చెయ్యి రెండుసార్లు దిద్ది ఉంది.

ఆ పేజీ ఏ పత్రికలో వచ్చిందో కనిపెట్టాలని పట్టుబట్టాం. శనివారాలు కన్నెమరా లైబ్రరీ, తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ. సంవత్సరం, పత్రిక, వారం అని ఎక్సెల్లో గళ్ళు, చూసినదానికి టిక్కు. తమిళం ఒకరం, తెలుగూ కన్నడం ఒకరం. అందరూ "సుజాత నవల అయ్యుంటుంది" అన్నారు. ఆ సుజాత బెంగళూరు బెల్‌లో ఇంజనీరు, ఓటింగు మిషన్ల పని చూసినాయన. ఆయన ఎన్ ఇనియ ఇయందిరాలో 2021 నాటి నియంత రాజ్యం ఉంది, మాయమైన మొగుణ్ణి వెతుక్కునే నిలా ఉంది, జీనో అనే మర కుక్క ఉంది. కానీ అది ఆనంద వికటన్‌లో వచ్చేసరికి మామ బ్లాకు పని వదిలేసి ఏండ్లయింది. టిక్కు. కాదు. తొమ్మిదేండ్లు అట్లా టిక్కులు పెట్టాం. మామ రోజూ మా టిక్కులు చూస్తానే ఉన్నాడు, నోరు విప్పలేదు.

2023 డిసెంబరు. బిలాల్ పుస్తకంలోని ఏడాదే. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోగా మద్రాసును ముంచి పోయింది. 4వ తేదీ రాత్రికి గణేశపురం సబ్‌వే నిండి, మా వీధి నిండి, నీళ్ళు గడప దాటినాయి. కరెంటు లేదు. మేము సర్టిఫికెట్లు, లాప్‌టాపులు, బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తున్నాం. అత్తమ్మ కేక వేసింది. టార్చి వేసి చూస్తే, డెబ్బై ఏండ్ల మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, మోకాలి లోతు నీళ్ళలో గోడకి ఆనుకుని ఆ పటాన్ని రెండు చేతులా తలపైన పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచో తెలియదు. చేతులు వణుకుతా ఉన్నాయి.

మిద్దె పైకి చేర్చి ఒళ్ళు తుడిచినాక కోపం ఆగలేదు. "ఒక బొమ్మ కోసరం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా మామా?"

"మనది అయుంటే పోతే పోనీలే అని వదిలేద్దునమ్మా," అన్నాడు. "అది మనది కాదు."

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో చెప్పాడు. అది చెత్తలో దొరకలేదు. 1979లో మామ అత్తమ్మను చూసి వచ్చి ఆరు నెలలు, పెండ్లి కుదురుతుందో లేదో తెలియని రోజులు. బ్లాకు చేసేటప్పుడు ఆ గాజు గోడ చూసి మనసు ఆగక, సాయంత్రం అన్నం సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు ఆ ఆర్టిస్టే వచ్చాడు. పత్రికవాళ్ళు కత వేయము అన్నారంట, ఇంకో పత్రికకి చూపించాలి, నా పేజీ నాకివ్వండి అని. మొదలాళి కుప్పంతా వెతికించాడు. మామ కూడా వాళ్ళతో కలిసి వెతికినట్టు నటించాడు. ఉద్యోగం పోతుందని భయం. ఆయన తెలుగాయనే, మా నెల్లూరు యాసే. వెళ్తా వెళ్తా, "పోనీలే తమ్ముడూ, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని మామ భుజం తట్టి పోయినాడంట.

మేము ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిదేండ్ల శనివారాలు గుర్తొచ్చాయి. అచ్చు కాని దాన్ని అచ్చు పుస్తకాల్లో వెతికాం. ఆఫీసులో అయితే దీన్ని తప్పు చోట టెస్టు చేయడం అంటాం. కోపం వచ్చింది, నిజమే. కానీ ఆ మనిషి చేతులు ఇంకా వణుకుతానే ఉన్నాయి. నలభై నాలుగేండ్లు ఆ సంగతి మోసినవాణ్ణి ఇంకేమి అడుగుతాం?

ఆ తర్వాత కొనడం మానేశాం. ఉన్న ఏడు బొమ్మల్లో ఇద్దరు ఆర్టిస్టుల ఇండ్లు కనుక్కున్నాం. ఒకరి కొడుకు ఫోటో తీసుకుని "మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు. ఇంకొకరి కూతురు బొమ్మ చేతికివ్వగానే ఏడ్చింది. ఆమె ఇంట్లో వాళ్ళ నాయన గీసింది ఒక్కటి కూడా లేదంట. కొన్న ఖరీదు ఇస్తానంది. తీసుకోలేదు.

మీ ఇండ్లలోనూ ఇట్లాంటివి ఉండొచ్చు. ఉంటే ఒక్క మాట. లామినేషన్ చేయించకండి, మేము ఒకటి అట్లా పాడు చేసుకున్నాం. ఆమ్లం లేని అట్ట వెనక పెట్టి, ఎండ తగలని గోడకి, నేలకి ఎత్తుగా పెట్టండి. మన ఊరి తేమకి సిలికా జెల్ పొట్లం ఒకటి వెనక ఉంచి అప్పుడప్పుడూ మార్చండి. ముందూ వెనకా స్కాన్ తీసి దాచండి. వెనక రాసిన రాతలు చెరపకండి, వాటిలోనే ఎవరిదో తెలిసే దారి ఉంటుంది.

గాజు గోడ బొమ్మ పటం వెనక మామ తన చేత్తోనే తెలుగులో ఒక కాగితం రాసి అంటించాడు. "ఇది మాది కాదు. మా దగ్గర ఉంది. అడిగినవాళ్ళకి ఇచ్చేయాలి." కింద సంతకం, తేదీ.

మీ తాతల్లో, పెదనాన్నల్లో, మేనమామల్లో 1970ల్లో మద్రాసులో బొమ్మలు గీసినవాళ్ళు ఎవరైనా ఉంటే, సంతకానికి బదులు చిన్న చేప వేసేవాళ్ళు ఉంటే, చెప్పండి. కత ఎట్లా ముగుస్తుందో మీకు తెలిసి ఉండొచ్చు. మామకి ఇప్పుడు డెబ్బై రెండు. ఆ గాజు పగిలిందా లేదా అని ఒక్కసారి అడిగి తెలుసుకోవాలని ఆయనకి ఆశ. పేజీ మీదే. వచ్చి తీసుకుపోండి. వ్యాసర్పాడిలో మా ఇంట్లో ఒక పూట భోజనం చేసి మరీ పోండి.