చల్లదనానికి చిల్లెక్కడ?

విశాఖపట్నం అనగానే బయటి ఊళ్లవాళ్లకి సముద్రపు గాలి గుర్తొస్తుంది. పోర్టు, శ్రీహరిపురం, గాజువాక మధ్య రోజంతా సరుకు తిప్పే పికప్ డ్రైవరుకి మాత్రం చెమట గుర్తొస్తుంది. ఇక్కడి గాలినిండా తేమే. పట్టిన చెమట ఆరదు. కాళ్ల ముందు ఇంజిను సెగ, నెత్తిమీద రేకు, పక్కన లారీల పొగ! అలాంటి క్యాబిన్‌లో ఏసీ అంటే దర్జా కాదు. సాయంత్రం దాకా స్టీరింగ్ పట్టుకునే ఓపిక.

ఆ ఏసీ ఓ రోజు ఉన్నట్టుండి వేడిగాలి కొడుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట ఒకటే. 'కంప్రెసర్ పోయింది గురూ, మార్చెయ్యాలి!' కొత్తదంటే వేలల్లో ఖర్చు. పైగా షెడ్డులో ఉన్నన్నాళ్లూ బండికి బాడుగ ఉండదు. ఆ బాడుగ మీదే పిల్లల ఫీజులూ, ఫైనాన్సు వాయిదాలూ కట్టేవాడికి ఇది చిన్న దెబ్బ కాదు. అందుకే పార్టు మార్చే ముందు, తప్పు నిజంగా దానిదేనా అని తేల్చుకోవాలి.

కంప్రెసర్ ఇంజిను బెల్టుతో తిరుగుతుంది. గ్యాసుని గట్టిగా నొక్కి, బండి ముందుండే కండెన్సర్‌కి పంపుతుంది. అక్కడ గ్యాసు వేడిని వదిలి ద్రవంగా మారుతుంది. డాష్‌బోర్డు వెనక మళ్లీ ఆవిరయ్యేటప్పుడు క్యాబిన్‌లోని వేడిని లాగేసుకుంటుంది. గాల్లో తేమ కూడా అక్కడే నీరై కిందికి కారిపోతుంది. ఏసీ వేసినప్పుడు బండి కింద నీళ్లు కారుతుంటే కంగారు పడక్కర్లేదు. ఏసీ పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

కార్లలో కంపెనీవాళ్లే ఏసీ బిగించి అమ్మడం మొదలైన కొత్తల్లో, అంటే 1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో, కంప్రెసర్‌కి క్లచ్ ఉండేది కాదు. ఏసీ ఆపాలంటే ఇంజిను ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే! తర్వాత అయస్కాంతంతో పనిచేసే క్లచ్ వచ్చి ఆ తిప్పలు తప్పించింది. ఇప్పటి పికప్పుల్లో చాలావాటికి పరీక్ష మొదలుపెట్టాల్సింది ఆ క్లచ్ దగ్గరే.

ఇంజిను నడుస్తుండగా ఏసీ స్విచ్ వేస్తే 'టక్'మని చప్పుడు రావాలి. పుల్లీతోపాటు దాని ముందున్న ప్లేటూ తిరగాలి. పుల్లీ ఒక్కటే తిరిగి ప్లేటు కదలకపోతే, కంప్రెసర్ ఇంకా పనిలోకి దిగనే లేదన్నమాట. అప్పుడు ఫ్యూజు, రిలే, వైరు కనెక్టరు వరసగా చూడాలి. సముద్రం పక్కనున్న ఊళ్లో ఉప్పుగాలికి కనెక్టరు పిన్నులు చిలుం పట్టి కరెంటు అందకపోవడం వింతేం కాదు. కరెంటు అందుతున్నా ప్లేటు అంటుకోకపోతే కాయిల్ కాలిపోయి ఉండొచ్చు. లేదా ప్లేటుకీ పుల్లీకీ మధ్య సుమారు అర మిల్లీమీటరు ఉండాల్సిన సందు అరుగుదలకి పెరిగి ఉండొచ్చు. పొద్దున బాగానే పట్టి, బండి వేడెక్కాక వదిలేస్తోందంటే ఈ సందునే అనుమానించాలి.

ఇంకో సంగతి. గ్యాసు బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ తనంతట తనే క్లచ్‌కి కరెంటు ఆపేస్తుంది. అది జబ్బు కాదు, కాపలా! కంప్రెసర్‌కి కావలసిన నూనె గ్యాసుతో కలిసే తిరుగుతుంది. గ్యాసు లేకుండా తిరిగితే లోపలి భాగాలు రాసుకుని అరిగిపోతాయి. అందుకే ఆ స్విచ్‌ని తప్పించి డైరెక్టుగా కరెంటిస్తే, బాగున్న కంప్రెసర్‌ని చేజేతులా చంపుకున్నట్టే.

ఆపైన గేజీలు తగిలించి చూడాలి. రెండువైపులా ప్రెషర్ తక్కువుంటే సాధారణంగా గ్యాసు కారిపోయినట్టు. హై సైడు మరీ ఎక్కువుంటే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుందేమో, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. పోర్టు రోడ్లలో తిరిగే బండికి దుమ్ముకి కొదవా! మెల్లగా నీళ్లు కొట్టి కడిగితేనే ఒక్కోసారి చల్లదనం తిరిగొస్తుంది. ప్లేటు తిరుగుతున్నా లో సైడు ఎక్కువగా, హై సైడు తక్కువగా ఉంటే మాత్రం కంప్రెసర్‌ని అనుమానించాల్సిందే.

గ్యాసు తగ్గిందని తేలితే నింపేసి పంపడం సగం వైద్యమే. గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లున్నట్టే. జాయింట్ల దగ్గర నూనె మరక, సబ్బునురగలో బుడగ దాన్ని పట్టిస్తాయి. చిల్లు మూశాక వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలినీ తేమనీ లాగేయాలి. తర్వాత బండికి ఎంత గ్యాసని కంపెనీ చెప్పిందో అంతే తూకం వేసి ఎక్కించాలి. పాత గ్యాసుని గాల్లోకి వదలకూడదు. ఎన్నో బండ్లలో వాడే ఆర్-134ఎ బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

కంప్రెసర్ నిజంగానే బిగిసిపోతే మార్చక తప్పదు. అప్పుడు పొదుపు పనికిరాదు. పాతదాని ఇనప రజను పైపుల్లో మిగిలితే కొత్తదాన్నీ తినేస్తుంది. పైపులు కడగాలి, డ్రయ్యర్ మార్చాలి, రజనుతో నిండితే కండెన్సర్ కూడా మార్చాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకి కేంద్రం ఏసీ తప్పనిసరి చేసింది. సరుకుతో కలిపి మూడున్నర టన్నులు మించని పికప్పులకి ఆ రూలు వర్తించదు. వాటి డ్రైవర్లు తమ చల్లదనం తామే చూసుకోవాలి. కాబట్టి పర్సు తీసేముందు మెకానిక్కుని మూడు ప్రశ్నలు అడగండి. క్లచ్‌కి కరెంటు వస్తోందా? గేజీలు ఏం చెబుతున్నాయి? గ్యాసు ఎటు పోయింది? చేయి తిరిగిన మెకానిక్కు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. బానెట్ ఎత్తి చూపిస్తాడు.