సముద్రయానం – సంకల్పం



ఏ వైదికకర్మకైనా సంకల్పమే ప్రథమాంగం. దేశకాలాలను స్మరించి, కర్త ఎవరో, ప్రయోజనమేమిటో చెప్పుకొని, ఆ తరువాతనే కర్మకు ఉపక్రమిస్తాము. ఈ సంవత్సరం మహాశివరాత్రి అనంతరం మా కుటుంబం సముద్రయానం తలపెట్టింది. ఆ ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకొంటున్నకొద్దీ సంకల్పమంటే ఏమిటో నాకు మరింత స్పష్టమవుతున్నది. ఆ ఆలోచనలను సాధకుల ముందుంచుతున్నాను.

నా సోదరి చాలాకాలంగా అండమాన్ దీవులలో, ఇప్పుడు శ్రీవిజయపురంగా వ్యవహరిస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో నివసిస్తున్నది. ఆమె భర్త పక్షవాతంతో మంచం పట్టిన నాటినుండి, అంటే ఆరేళ్ళుగా, పుట్టింటికి రాలేదు. మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. కూతురిని ఒక్కసారి చూడాలన్నది ఆమె కోరిక. విమానానికి ఆమె ఎంతమాత్రం సమ్మతించలేదు. కోనసీమలో పుట్టి, చిన్ననాట పడవలలోనే గోదావరి పాయలు దాటిన మనిషి. "నీళ్ళ మీదయితే ఎంత దూరమైనా వస్తానురా" అన్నది. విశాఖపట్నం నుండి అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. అమ్మ, మేమిద్దరం, కుమారుడు, కోడలు, మనుమరాలు, వెరసి ఆరుగురం.

నేను శివాలయ అర్చకుణ్ణి. బోధాయన ధర్మసూత్రం పతనీయకర్మలను పరిగణిస్తూ సముద్రయానాన్ని మొదటనే పేర్కొన్నది. అదే సూత్రం మరొకచోట దానిని ఉత్తరదేశీయుల ఆచారాలలో ఒకటిగా చెప్పింది. కలియుగంలో వర్జించవలసినవాటిలో బృహన్నారదీయం దీనిని చేర్చింది. కాబట్టి ఓడ ఎక్కి వచ్చినవాడు గర్భాలయంలో ప్రవేశించి స్వామిని స్పృశించవచ్చునా అన్నది నాకు కేవలం చర్చాంశం కాదు. నలభై ఏళ్ళుగా ఈ చేతులు చేస్తున్న అభిషేకానికి సంబంధించిన ప్రశ్న.

"అండమాన్ కూడా భారతదేశమే కదా, దోషమేమిటి?" అని కొందరు మిత్రులు ఊరడించారు. సూత్రం చెప్పినది సముద్రాన్ని గురించి. రాజ్యాల సరిహద్దులను గురించి కాదు. "ఈ రోజులలో ఎవరు పాటిస్తున్నారండీ?" అన్నారు మరికొందరు. పాటించేవారు తగ్గినంత మాత్రాన విధి తొలగిపోదు. నిత్యకర్మలోపం, శౌచలోపం, ఆహారనియమభంగం ఈ నిషేధానికి హేతువులని మా గురువుగారు పాఠం చెప్పేటప్పుడు వివరించేవారు. ఆ హేతువులను వీలైనంతవరకు పరిహరించుకోవచ్చు. అయితే హేతువు తెలిసినంత మాత్రాన నిషేధం మనకు వర్తించదని అనుకోరాదు.

మరొకవైపు, తల్లిని దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు ఆదేశించింది. ఆ మాటను వేదాధ్యయనం ముగించిన శిష్యునికి, గృహస్థాశ్రమంలో అడుగిడబోయేవానికి ఆచార్యుడు చెబుతాడు. అంటే అది ఇంటిలో, నిత్యవ్యవహారంలో ఆచరించవలసిన ఉపదేశం. కాబట్టి వెళ్ళాలని నిశ్చయించాను. శాస్త్రార్థాన్ని నాకు అనుకూలంగా మలచుకొని కాదు. దాని ఫలితాన్ని శిరసావహించి. తిరిగివచ్చిన తరువాత పెద్దలు విధించిన ప్రాయశ్చిత్తం చేసుకొంటాను. వారు అనుమతించేవరకు గర్భాలయంలో అడుగుపెట్టను. అంతవరకు మా అన్నగారి కుమారుడు అర్చన నిర్వహిస్తాడు. వారు అసలే అనుమతించకపోతే, మండపంలో కూర్చుండి వేదపారాయణ చేసుకొంటాను. ఈ మాట అమ్మకు చెప్పలేదు. చెబితే ప్రయాణం మానుకొంటుంది.

ఇక కాలనిర్ణయం. శివరాత్రికి అర్చకుడు ఆలయం విడువరాదు. నాన్నగారి ఆబ్దికం చైత్రశుద్ధ దశమి. ఆనాటికి ఇల్లు చేరాలి. ఈ రెండింటి నడుమ నలభై రోజుల వ్యవధి ఉన్నది. అదృష్టవశాత్తూ ఆ సమయంలో బంగాళాఖాతం సాధారణంగా శాంతంగా ఉంటుంది. విశాఖ నుండి ఓడలు తరచుగా ఉండవు, తేదీలు మారుతుంటాయి. అందుచేత తిరుగుప్రయాణం చెన్నై మీదుగా కావచ్చునని ముందే అనుకొన్నాము. అమ్మ మందులను రెండు సంచులలో వేరువేరుగా సర్దుతున్నాము. ఒకటి పోయినా రెండవది ఉండాలి.

ఓడగదిలో దీపం వెలిగించరాదు, పొయ్యి రాజేయరాదు. అందుచేత ఇంటి దేవతార్చనను అన్నగారింటికి అప్పగించి, ఆ మూడు రోజులూ మానసికపూజ చేయదలచాను. నాకూ అమ్మకూ అటుకులు, పేలపిండి, బెల్లం, పళ్ళు. పిల్లలు ఓడలోని భోజనం చేస్తారు. నా నియమం నాది, వారిపై రుద్దను. ఓడ తూర్పుకు సాగేకొద్దీ సూర్యోదయం రోజురోజుకూ ముందుకు జరుగుతుంది. గడియారం మారకున్నా, విశాఖకంటే ఆ దీవిలో అరగంటకు పైగా ముందే ప్రొద్దు పొడుస్తుంది. ఇక్కడి పంచాంగ సమయాలను నమ్ముకొంటే సంధ్యాకాలం తప్పుతుంది. ఆకాశాన్ని చూచి అర్ఘ్యమివ్వాలి.

సంధ్యావందన సంకల్పం దగ్గర మరొక చిక్కు వచ్చింది. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పగలను. ఏ నదుల నడుమ ఉన్నామని చెప్పాలి? సొంత ఇల్లయితే స్వగృహమనీ, అద్దె ఇల్లయితే వసతిగృహమనీ అంటాము. ఓడలో ఏమనాలి? ఈశ్వరసన్నిధి అని చెప్పుకోదలచాను. నిజానికి ఒడ్డున ఉన్నప్పుడు మాత్రం మనం ఉన్నది మరెక్కడ?

ఋగ్వేదంలో తుగ్రుని కుమారుడు భుజ్యుడు సముద్రమధ్యంలో ఆలంబనం లేక చిక్కుకొన్నప్పుడు, అశ్వినీదేవతలు మూడు రాత్రులు మూడు పగళ్ళు అతనిని మోసి ఒడ్డు చేర్చారు. శ్రీరామచంద్రుడు గంగ దాటేటప్పుడు సీతమ్మను పడవ ఎక్కించమని లక్ష్మణునికి చెప్పాడు. ఆచమించి నదికి నమస్కరించాడు. నడిగంగలో అమ్మవారు క్షేమంగా తిరిగివస్తే పూజిస్తానని మ్రొక్కుకొన్నది. ఇక ముండకోపనిషత్తు యజ్ఞరూపమైన కర్మలనే దృఢత్వం లేని తెప్పలన్నది. కర్మలనే నమ్ముకొన్న నావంటివాడు ఆ మాటను పదే పదే మననం చేసుకోవాలి. తెప్ప దృఢం కాదని తెలిసినా, దానిని జాగ్రత్తగా కట్టుకోవడం మానరాదు. అదే తుది ఆశ్రయమని భ్రమపడనూరాదు.

అమ్మ కోరినది ఒక్కటే. "ఏమైనా అయితే అయిందిరా నాన్నా, గోదావరి నీళ్ళ చెంబొకటి నా పక్కన పెట్టు, చాలు." రాగిచెంబు సిద్ధం చేశాను. ప్రయాణం ముందురోజు ఉదయం రేవుకు వెళ్ళి నింపి, మూత బిగిస్తాను. ఆ నీరు సోదరి ఇంట అభిషేకానికి వినియోగపడాలని ప్రార్థిస్తున్నాను. మరొక విధంగా వినియోగపడవలసివచ్చినా, దానికీ సంకల్పంలో చోటిచ్చాను.

ఏమి పొందగోరుతున్నామో చెప్పుకోవడం సంకల్పంలో సగమే. దానికొరకు ఏమి విడువడానికి సిద్ధపడ్డామో తెలిసి జలం విడిచినప్పుడే అది పూర్ణమవుతుంది.

స్వస్తి.