సూత్రధారి

1963 ఆగస్టు 28న వాషింగ్టన్ నగరంలో లింకన్ స్మారక మందిరం ఎదుట సుమారు రెండున్నర లక్షల మంది సమావేశమయ్యారు. ఆనాటి మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాన్ని లోకమంతా ఎరుగును. రెండు నెలలైనా నిండని వ్యవధిలో ఆ మహాసభను సమకూర్చిన బయార్డ్ రస్టిన్‌ను ఎరిగినవారు అరుదు.

రస్టిన్ 1912 మార్చి 17న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని వెస్ట్ చెస్టర్‌లో జన్మించాడు. అమ్మమ్మ జూలియా పెంపకంలో క్వేకర్ శాఖవారి శాంతిభావాలు ఆయనకు ఉగ్గుపాలతోనే అబ్బాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించి రెండేళ్లకు పైగా కారాగారవాసం అనుభవించాడు. 1948లో భారతదేశానికి వచ్చి గాంధేయుల ఉద్యమ పద్ధతులను పరిశీలించాడు. అప్పటికి గాంధీజీ లేరు. 1956లో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ సాగుతున్నప్పుడు కింగ్ ఇంట్లో ఆత్మరక్షణకై తుపాకులు ఉండేవి. అహింసను ఎత్తుగడగా కాక జీవన విధానంగా స్వీకరించాలని ఆ యువనాయకునికి బోధించినవారిలో రస్టిన్ ముఖ్యుడు.

ఆయన స్వలింగ ప్రేమికుడు. ఆ సంగతిని దాచుకోలేదు. 1953లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఆ కారణంగానే అరెస్టయి జైలుకు వెళ్లాడు. పనిచేస్తున్న శాంతిసంస్థలో ఉద్యోగమూ పోయింది. 1960లో ఒక నల్లజాతి పార్లమెంటు సభ్యుడు దీనిని ఆధారం చేసుకొని నిందలు వేస్తానని బెదిరించగా కింగ్ వెనుకాడాడు. రస్టిన్ తానే తప్పుకున్నాడు. మహనీయులకూ ఇటువంటి బలహీన ఘడియలు తప్పవు కాబోలు!

1963లో వృద్ధనేత ఫిలిప్ రాండాల్ఫ్ ఆయనను మళ్లీ పిలిచాడు. బస్సులు, తాగునీరు, మరుగుదొడ్లు, దూరానికీ స్పష్టంగా వినిపించే మైకులు – అన్నీ రస్టిన్ లెక్కలోనివే. ఎండకు పాడయ్యే పదార్థాలు తెచ్చుకోవద్దని కూడా ముందే హెచ్చరించాడు. సభకు కొద్దిరోజుల ముందు సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ చట్టసభలోనే ఆయన గత జీవితాన్ని ఎత్తిచూపి దూషించాడు. ఈసారి నాయకులు చలించలేదు. ఉద్యమపు డిమాండ్లను వేదికపై చదివి వినిపించింది రస్టినే.

స్వలింగ ప్రేమికుల హక్కులకై ఆయన బహిరంగంగా గళమెత్తినది చరమదశలోనే. సమాజపు న్యాయబుద్ధిని కొలవడానికి ఒకప్పుడు నల్లవారి స్థితిని చూసేవారమని, ఇక స్వలింగ ప్రేమికుల స్థితిని చూడాలని 1986లో వాదించాడు. న్యూయార్క్ నగరంలో వారికి రక్షణ కల్పించే చట్టం ఆ ఏడే ఆమోదం పొందింది. 1987 ఆగస్టు 24న ఆయన మరణించాడు. 2013లో దేశాధ్యక్షుడు ఒబామా ప్రకటించిన అత్యున్నత పౌర పురస్కారాన్ని జీవిత సహచరుడు వాల్టర్ నేగిల్ అందుకున్నాడు. పాసడీనా శిక్షకు కాలిఫోర్నియా గవర్నరు క్షమాభిక్ష ప్రకటించినది 2020లో, శిక్ష పడిన 67 ఏళ్లకు.