పామర్రు నెట్ సెంటర్లో అట్టముక్క

మొన్న సంక్రాంతికి పామర్రు వెళ్ళినప్పుడు నాన్నగారి పేరు మీద ఆన్‌లైన్లో ఒక దరఖాస్తు పెట్టాల్సొచ్చింది. ఇంట్లో లాప్‌టాప్ ఉంది, కొడుకు సాఫ్ట్‌వేరు. అయినా ఆయన "సెంటర్ దగ్గర నెట్ అబ్బాయి ఉన్నాడు, అతనైతే తప్పుల్లేకుండా చేస్తాడు పద" అన్నారు. నా ఇరవయ్యేళ్ళ అనుభవానికి దక్కిన గౌరవం అదన్నమాట :)

అసలు నేనిప్పుడు చేస్తున్న పనీ అదే. కాకపోతే మనిషి బదులు ఏఐ ఏజెంటు చేత చేయిస్తాం. ఏజెంటుకి చేతులుండవు కదా, 'పేజీ తెరువు', 'పేజీలో ఏముందో చూడు', 'నొక్కు', 'టైపు చెయ్యి' అని కొన్ని టూల్స్ ఇస్తాం. ఒక్కో టూలుకీ నాలుగు ముక్కల వివరణ రాస్తాం. ఏది ఎప్పుడు వాడాలో అది ఆ నాలుగు ముక్కలు చూసే తేల్చుకుంటుంది. డాక్యుమెంటేషన్ ఎవడూ చదవడని కదా ఇన్నాళ్ళూ మన ధీమా! ఈ చదువరి అక్షరం వదలడు. రాయనిది మాత్రం సొంతంగా ఊహించుకుంటాడు.

నేను 'నొక్కు' టూలుకి రాసింది ఒకటే వాక్యం: "చెప్పిన బటన్ని నొక్కుతుంది." అంతకంటే ఏం రాయాలి అనుకున్నా.

దీపావళి ముందు ట్రయల్‌గా కొన్ని నిజం బిల్లులు దానికి అప్పగించాం. ఆ పేమెంటు పేజీ మహా నత్త. మా టూలు ముప్ఫై సెకన్లు చూసి 'టైమవుట్' అంది. ఏజెంటు పాపం నొక్కు పడలేదనుకుని మళ్ళీ నొక్కింది. ఇంకోసారి కూడా. ఒకే సప్లయర్‌కి మూడుసార్లు పేమెంటు. మర్నాడు అకౌంట్స్ మేడమ్ పట్టుకుంటే ఒకటి ఆపగలిగాం, ఇంకోటి వెళ్ళిపోయింది. సంజాయిషీ రాసింది ఆవిడ, నేను కాదు. నేనేమో రెండు వారాలు "మోడల్ తెలివితక్కువది" అంటూ మోడల్ మార్చి చూశాను, ప్రాంప్ట్ మార్చి చూశాను. టైమవుట్ అంటే 'జవాబు రాలేదు' అనే తప్ప 'పని జరగలేదు' అని కాదని నాకు తెలుసు. తెలిసింది రాయలేదు, అంతే.

సరే, మళ్ళీ పామర్రుకొద్దాం. ఆ సెంటర్లో మానిటర్ కింద ఒక అట్టముక్క అంటించి ఉంది. ఓనరు భోజనానికి వెళ్ళినప్పుడు కూర్చునే కుర్రాడి కోసమట. స్కెచ్ పెన్నుతో ఇలా ఉంది:

సబ్మిట్ ఒక్కసారే.
చక్రం తిరుగుతుంటే ఊరుకో.
డబ్బు కట్ అయ్యి రసీదు రాకపోతే మళ్ళీ కట్టొద్దు, ముందు పాత దరఖాస్తుల్లో చూడు.
పేరు ఆధార్‌లో ఉన్నట్టే కొట్టు, వాళ్ళు చెప్పినట్టు కాదు.
ఫోటో ఎక్కకపోతే నాకు ఫోన్ చెయ్యి.

నాన్నగారి వేలిముద్ర పడక అవస్థ పడుతుంటే నేను మాత్రం ఆ అట్టనే చూస్తూ నిలబడ్డాను. ఎప్పుడు ఆగాలి, జరిగిందో లేదో ఎక్కడ చూడాలి, రెండు మాటలు కలవకపోతే ఏది నమ్మాలి, ఎప్పుడు మనిషిని పిలవాలి. నా టూల్స్‌లో ఒక్కదానికీ ఇవి లేవు.

తిరిగి వెళ్ళాక మొత్తం తిరగరాశాను. 'నొక్కు' కింద ఇప్పుడు "టైమవుట్ వస్తే నొక్కు పడి ఉండొచ్చు, మళ్ళీ నొక్కేముందు పేమెంట్ల జాబితాలో ఈ బిల్లు నంబరు వెతుకు" అని ఉంది. 'పేజీ చూడు' కింద ఇంకోటి చేర్చాను. ప్లేరైట్ ఎంసీపీ సర్వర్ లాంటివి యాక్సెసిబిలిటీ ట్రీ చదివి ప్రతి బటన్‌కీ ఒక గుర్తు ఇస్తాయి. పేజీ మారితే ఆ గుర్తు చెల్లదు. "గుడివాడ రోడ్డులో ఎడంచేతి మూడో కొట్టు" అని దారి చెబితే, మధ్యలో ఎవరో బడ్డీ పెట్టగానే తప్పిపోయినట్టు. (అమీర్‌పేటలో విన్‌రన్నర్ నేర్చుకున్న పాతకాపులకి జీయూఐ మ్యాప్ గుర్తొచ్చే ఉంటుంది. గొడవ అప్పటిదే.)

అన్నట్టు, ఎంసీపీలో 2025 మార్చి వెర్షన్ నుంచి 'డిస్ట్రక్టివ్ హింట్', 'ఐడెంపొటెంట్ హింట్' అని టూలుకి తగిలించే చీటీలున్నాయి. రెండోది, అదే వివరాలతో మళ్ళీ పిలిస్తే అదనంగా ఏమీ జరగదని చెప్పడానికి. బాగానే ఉంది గానీ, పేరులోనే ఉంది, అవి హింట్లే. అట్టముక్క ఉంది కదా అని గల్లాపెట్టెకి తాళం మానేస్తామా? అందుకే ఒకే బిల్లు నంబరు రెండోసారి వస్తే టూలే తిరగ్గొట్టేలా కూడా చేశాం. ఇది ముందే చెయ్యాల్సింది.

ఆ రోజు రసీదు ప్రింటవుతుంటే ఓనరు "ఏం ఉద్యోగం అబ్బాయ్ నీది?" అని అడిగాడు. తోచినట్టు చెప్పాను. "అంటే కుర్రాడికి అట్టముక్క రాయడం. దానికి బెంగుళూరు దాకా ఎందుకు?" అన్నాడు. నాన్నగారు తెగ నవ్వారు. అదే ఊపులో, ఇంకో నాలుగు లైన్లు రాయకూడదా అని నేనడిగితే, "అయిదు దాటితే వాడు చదవడు, చదివినా అసలుది మర్చిపోతాడు" అన్నాడు.

నాది ఇప్పటికి పదహారు లైన్లయింది. తగ్గించాలి.