ముందెవరు?

2000 జూలైలో అమితాబ్ బచ్చన్ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ మొదలైనప్పుడు అందరి కళ్ళూ హాట్ సీటు మీదే. నాకు మాత్రం దానికి ముందున్న గండం మీదే ధ్యాస సుమండీ! పదిమందికీ ఒకే ప్రశ్న. నాలుగు జవాబుల్ని సరైన వరసలో పేర్చాలి. తప్పుల్లేకుండా, అందరికంటే త్వరగా పేర్చినవాళ్ళదే వంతు. సెకనులో పిసరంత తేడా వచ్చినా లెక్కే. మిగతావాళ్ళు ఆ సీటు ఖాళీ అయ్యేదాకా కాచుక్కూర్చోవాలి.

2014లో నాగార్జున తెలుగులో మొదలుపెట్టాక, మా అత్తగారు ఆ వరస కూర్చున్నచోటినుంచే ఇట్టే చెప్పేసేవారు.

“మీరే వెళ్ళకూడదూ?” అన్నానోసారి.

“అందరికీ వడ్డించి ఆఖర్న తినేదాన్ని. ముందు నొక్కడం నాకెక్కడ అలవాటే?” అన్నారు.

మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మర్నాడు మొదటి కంచం ఆవిడకే పెట్టాను.

“మగవాళ్ళని తిననీవే!” అంటూ లేచి వెళ్ళిపోయారు.